టీ గ్లాసులు ఈ రోజు ఎవరు కడిగారంటే

డుంబ్రిగుడలో మా వరండాలో సాయంత్రాలు డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు భిన్నాలు, శాతాలు నేర్పుతున్నాను. అవి రాకపోతే కాలేజీలో కెమిస్ట్రీ తలకెక్కదు. నా నియమం ఒక్కటే: లెక్క తప్పినవాళ్లు అందరి టీ గ్లాసులూ కడగాలి. ఎక్కువగా కడిగేది జమున. క్లాసులో అర్థం కాదని, అడగాలంటే భయమని, చదువు మానేసి ఊరెళ్లిపోతానని మొన్ననే అంది.

ఈ రోజు బోర్డు మీద నేనే ఒక లెక్క చేశాను. ఇరవై కిలోల కాఫీ పండ్లలో ఐదు కిలోలు పచ్చివైతే, పచ్చివి ఇరవై శాతమని రాశాను. అందరూ బుద్ధిగా ఎక్కించుకున్నారు. జమున పెన్ను కదల్లేదు.

"ఏటి గుంటా, రాయవేం?"

"తప్పు పడిపోనాది మామ్మగారూ. ఇరవై శాతమైతే నాలుగు కిలోలే కదేటి? ఇరవై అయిదు రావాల."

నిజమే. ఇంటి జమాఖర్చులో పైసా తేడా రానివ్వని నేను గ్లాసులన్నీ కడిగాను. సబ్బు నురగ పోలేదని జమున ఒకటి వెనక్కి కూడా ఇచ్చింది.

"రేపు క్లాసులోనూ ఇలాగే నోరు తెరువు," అన్నాను.

"తెరుస్తానండి. మరి సారు గ్లాసులు కడుగుతారేటి?"

మీ మాస్టారి తప్పు మీరెప్పుడైనా పట్టుకున్నారా? చెప్పండి, పొద్దున్నే కాలేజీకి వెళ్లేలోపు జమునకు చదివి వినిపిస్తాను.