అతికించిన ఎముక

కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో ముప్ఫై ఏళ్లు అస్థిపంజరాలు జోడించిన ఆయన్ని అందరూ ఎముకల మాస్టారు అనేవారు. ఆయన నిలబెట్టిన పిల్లిని చూసి ఎలుకలు ఆ వరండా వైపు రావడమే మానేశాయట. నమ్మకం కుదరనివాళ్లు ఎలుకలనే అడగాలి.

ఏ జంతువుకైనా ఒకటో రెండో ఎముకలు దొరక్కుండా పోయేవి. వాటిని ప్లాస్టరుతో చేసి అతికించి, అడుగున ఎర్ర చుక్క పెట్టేవాడు. పిల్లలకు అసలేదో నకిలీ ఏదో తెలియాలని ఆయన పట్టుదల.

రిటైరయ్యాక నాలుగేళ్లు కూర్చుని ఒక పరభాషా నవలను మన భాషలోకి దించాడు. భార్యను పోగొట్టుకున్న గడియారాల మెకానిక్ కథ అది. రచయితా ఈమధ్యే పోయాడు. రెండు భాషలూ వచ్చిన అతని కూతురు చదివి సంతకం పెడితేనే పుస్తకం అచ్చవుతుంది.

"నాలుగేళ్లూ ఆ పోయినాయనతోనే కాపురం చేశారు. ఆ పిల్ల కాదంటేనో?" అంది మాస్టారి భార్య.

"ఇదీ ఎముకల పనేనే. మాంసం అక్కడే పోతుంది. ఎముకలు తెచ్చి ఇక్కడ నిలబెట్టాలి. కొలత సరిపోయింది కదా అని కప్ప ఎముక పిల్లి కీలులో కూర్చోదు."

"మరి నిలబడ్డట్టేనా?"

ఆయనకు ఒక్కచోటే అనుమానం. పదమూడో అధ్యాయంలో ఒక వాక్యం ఎంత చెక్కినా కూర్చోలేదు. విసుగెత్తి, సొంతంగా ఒకటి చేసి అతికించాడు: 'తలుపు తీసినప్పుడల్లా పక్కకు జరిగి, ముందు ఆమెను వెళ్లనిచ్చేవాడు.' ఎర్ర చుక్క పెట్టడం మాత్రం మరిచాడు. రాతప్రతి అప్పటికే ఆ కూతురికి చేరిపోయింది.

ఆదివారం పొద్దున ఆమె వచ్చింది. ముందుగదిలో కూర్చుని, తిన్నగా ఆ పేజీయే తెరిచింది.

"ఇది మా నాన్న రాసింది కాదండీ."

"కాదమ్మా. నేను చేసి పెట్టిన ఎముక. అడుగున ఎర్ర చుక్క పెట్టాల్సింది, మరిచాను. తీసేస్తాను."

"మీకెవరు చెప్పారు?"

"ఏమిటి?"

"అమ్మ పోయాక నాన్న ఇలాగే చేసేవాడు. వీధి తలుపు తీసి, పక్కకు జరిగి, కాసేపు ఆగేవాడు. నాకు తప్ప ఎవరికీ తెలీదు. ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు."

మాస్టారికి ఎవరూ చెప్పలేదు. ప్లాస్టరు అనుకుని చేసింది, ఎక్కడో మట్టిలో జారిపోయిన అసలు ఎముకే అయి కూర్చుంది.

"తీసెయ్యనా అమ్మా?"

"వద్దు. చుక్క మాత్రం పెట్టండి. మీరిది రాసేనాటికి నేను ఒట్టు తప్పలేదని నాన్నకి తెలియాలి."

మాస్టారు ఎర్ర పెన్సిలు తెచ్చి ఆమె ఎదుటే చుక్క పెట్టాడు. ఆమె సంతకం చేసింది.

సాగనంపడానికి ఆయన వీధి తలుపు తీశాడు. ఆమె గుమ్మం దగ్గర పక్కకు జరిగి, కాసేపు ఆగి, అప్పుడు మెట్లు దిగింది.

"వెళ్లిందా?" అని లోపలినుంచి భార్య అడిగింది.

"ఆ," అన్నాడు మాస్టారు. కానీ తలుపు వెంటనే వెయ్యలేదు.