ఐదుసార్లు బస్సెక్కిన రౌటర్

మొన్న గురువారం నేను చేసిన ఘనకార్యం మీకింకా తెలీదు కదా. చెప్పకూడదనే అనుకుంటి. గాని మా చెల్లెలు ఆళ్లగడ్డలో సగం మందికి చెప్పేసింది, ఇంక నేను దాచి చేసేదేముంది? టీ తాగతా వినండి. మధ్యలో నగొద్దు, ఆఖర్లో ఎట్లయినా నగుతారు.

నంద్యాలలో డిగ్రీ కాలేజీలో పద్దెనిమిదేండ్లుగా కంప్యూటర్ నెట్‌వర్కింగ్ చెప్తాండా. మా చెల్లెలు సుజాతను ఆళ్లగడ్డకు ఇచ్చినాము. అది కూడా కంప్యూటర్లే చదివింది గాని, పెండ్లయి పిల్లలు పుట్టినాక పదేండ్లు ఉద్యోగం మాటే ఎత్తలే. ఇప్పుడు ఒక హాస్టల్ స్కూల్లో కంప్యూటర్ టీచర్ పోస్టుకు పెట్టుకుంటే ఇంటర్వ్యూకు పిలిచినారు. గురువారం మధ్యాన్నం మూడింటికి, వీడియోలో. "ఇంట్లో కూర్చున్నేదాన్ని ఈళ్లు పిలిచిందే గొప్ప అన్నా. ఇది రాకపోతే ఇంక యాడా పెట్టుకోను" అని ముందే చెప్పేసింది. అది అన్నమాట మీద నిలబడే మనిషి. అందుకే నాకు భయం.

బుధవారం సాయంకాలం ఆడ ఉరుముల వాన. వాళ్లింట్లో రౌటర్ మాడిపాయె. అదే, రెండు కొమ్ములు పెట్టుకోని మిణుకు మిణుకుమంటా ఉంటాదే, ఆ డబ్బా. బయట నుంచి వచ్చే ఇంటర్నెట్‌లో ఏది ఏ ఫోనుకు పోవల్ల, ఏది ఏ కంప్యూటర్‌కు పోవల్ల అని చూసి పంపేది, అంటే రౌటింగ్ చేసేది, అదే. అది పాయె అంటే వాళ్లింట్లో ఏమీ లేదు. అన్నీ నాపరాళ్ల గోడలు, ఫోన్ సిగ్నల్ కావల్లంటే మిద్దెక్కాల.

సుజాత ఫోన్ చేసి చల్లగా చెప్పింది. "ఎదురింటి శెట్టి ఎరువులంగట్లో నెట్ ఉండాది. ఆడ కూర్చోని ఇచ్చేస్తాలే."

నాకు పౌరుషం పొడుచుకొచ్చె. నేనేమో నెట్‌వర్కింగ్ సారు, నా చెల్లెలేమో యూరియా మూటల మధ్యన కూర్చోని ఇంటర్వ్యూ ఇస్తాదంట.

"ఒకరి అంగడికి పోయే కర్మ మనకేంది? నా కాడ ఇంకో రౌటర్ ఉండాది. సెట్టింగులన్నీ నేనే పెట్టి పొద్దున్నే బస్సుకు పంపిస్తా. నువ్వు వైరు గుచ్చుకుంటే చాలు."

"టయానికి వస్తాదా అన్నా?"

"రౌటింగ్ గురించి నాకు చెప్తావా?" అంటి. ఆ మాట అనకుండా ఉండుంటే ఈ పొద్దు మీ ముందర ఇంత సిగ్గు ఉండేది కాదు.

మన కాడ సామాన్లు ఎట్ల పంపుతామో మీకు తెలిసిందే. నంద్యాల బస్టాండు బయట ఖాదర్ భాయ్ టీ అంగడి. ఆయనకిస్తే ఆళ్లగడ్డ పక్క పోయే బస్సు చూసి డ్రైవరన్న సీటు పక్కన పెట్టిస్తాడు. ఆడ దిగినాక ఓబులేసన్న టీ అంగట్లో ఇస్తారు. మనోళ్లు పోయి తెచ్చుకుంటారు. నేను క్లాసులో చెప్పేది కూడా ఇదే. మనం పంపే ఫోటో గాని, మెసేజ్ గాని ముక్కలు ముక్కలుగా పోతాది. ఒక్కో ముక్కను ప్యాకెట్ అంటారు. దాని మీద యాడి నుంచి వచ్చింది, యాడికి పోవల్ల అని అడ్రసు ఉంటాది. మధ్యలో ఒక్కో మజిలీలో ఒక్కో రౌటర్ ఆ అడ్రసు చూసి ముందుకు తోస్తాది. దావ తెలీకపోతే? తెలిసినోడి చేతిలో పెట్టేస్తాది. ఆ తెలిసినోడే గేట్‌వే. ఖాదర్ భాయ్ నాకు గేట్‌వే, ఓబులేసన్న సుజాతకు గేట్‌వే. పిల్లలకు ఇట్ల చెప్తే కండ్లు పెద్దవి చేసుకోని వింటారు. కనీసం ముందు బెంచీ వాళ్లు వింటారు.

సరే, రౌటర్‌ను ఒక మిఠాయి డబ్బాలో పెట్టి, టేపు చుట్టి, పైన "సుజాత, ఆళ్లగడ్డ" అని రాసినా. ఫోన్ నంబరు రాయలే. ఎందుకు రాయలేదంటే ఏం చెప్పేది, సుజాత పోయి నా పేరు చెప్తే చాలనుకుంటి. ఏడున్నరకంతా ఖాదర్ భాయ్ చేతిలో పెట్టి, కాలేజీకి పోయి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి క్లాసులోకి దూరిపోతి. అందిందా లేదా అని ఎనక్కి ఒక కబురు రావల్ల. దాన్ని అక్నాలెడ్జ్‌మెంట్ అంటారు, పరీక్షల్లో రెండు మార్కుల ప్రశ్న. నేను మాత్రం ఆ కబురు కోసం చూడలే.

ఇంకో సంగతి చెప్పల్ల, కథంతా ఈడే ఉంది. పోయినేడు ఎండాకాలంలో సుజాతకు ఊరగాయ జాడీ పంపింటే, అది రెండు దినాలు ఓబులేసన్న అంగట్లోనే ఉండి, నూనె కారి, ఆయన బిస్కెట్లన్నీ నాశనం చేసింది. అప్పుడు ఓబులేసన్నకు నేనే చెప్పినా. "అన్నా, ఇంకమీదట ఒక గంట చూడు. ఎవరూ రాకపోతే నంద్యాల బస్సెక్కించి ఖాదర్ భాయ్‌కి పంపేయ్." దానికి ముందెప్పుడో ఖాదర్ భాయ్‌కి కూడా చెప్పినా. "భాయ్, సుజాత, ఆళ్లగడ్డ అని రాసినేది ఏది నీ అంగట్లో కనబడినా నన్ను అడగొద్దు. తర్వాత బస్సుకు ఎక్కించేయ్." రెండూ మంచి మాటలే. విడివిడిగా చూస్తే ఏ తప్పూ లేదు.

ఆ పొద్దు సుజాత ఎనిమిదిన్నరకు ఓబులేసన్న అంగడికి పోయింది. బస్సింకా రాలే. పిల్లలను బడికి పంపల్ల కదా, ఎనక్కి పోయింది. అది ఇట్ల పోయినాక బస్సు అట్ల వచ్చింది. ఓబులేసన్న గంట చూసినాడు. నంబరు లేదు, నాకు చేస్తే నేను ఎత్తలే. చెప్పిన మాట ప్రకారం నంద్యాల బస్సెక్కించినాడు. పది దాటినాక సుజాత పోతే, "వచ్చినాది, పాయెమ్మా" అన్నాడు.

పదకొండున్నరకు క్లాసు అయిపోయి ఫోన్ చూస్తే సుజాతవి తొమ్మిది మిస్డ్ కాల్స్. సంగతంతా విని, "నువ్వు ఇంట్లో కూర్చోని చదువుకో, నేనే చేత్తో తెస్తా" అని చెప్పి బస్టాండుకు ఉరికినా.

"ఖాదర్ భాయ్, డబ్బా ఎనక్కి వచ్చిందా?"

"వచ్చింది సార్," అన్నాడు పాలు తిరగబోస్తా. "వచ్చిన నిమిషంలోనే ఎక్కించేస్తి. మీరే కదా సార్, అడగొద్దంటిరి."

కండక్టరు కూడా ఇంత ఇదిగా పని చేయడని ఆయన ముఖంలో ఒక సంతోషం. ఏమనేది? నేను ఇంకో బస్సెక్కి దాని ఎనకాల పడితి. బస్సులో కూర్చోని ఓబులేసన్నకు ఫోన్ చేద్దామని తీస్తే బ్యాటరీ అయిపోయింది. రాత్రి ఛార్జింగ్ పెట్టల్సిన ప్లగ్గులో రౌటర్ పెట్టి సెట్టింగులు చేసింటి కదా. పక్క సీటాయన్ను ఫోన్ అడిగితే ఇచ్చినాడు గాని, ఓబులేసన్న నంబరు ఎవరికి గుర్తుంటాది? సుజాత నంబరు కూడా నాకు నోటికి రాలే. సొంత చెల్లెలి నంబరు.

శిరివెళ్ల కాడ మా బస్సు టైరు పాయె. గంటన్నర రోడ్డు మీద నిలబడితిమి. మల్ల కదిలినాక ఎదురుగా నంద్యాల పోయే బస్సొకటి వచ్చె. డ్రైవర్లిద్దరూ చెయ్యెత్తి పలకరించుకున్నారు. ఆ బస్సులో డ్రైవరు పక్కన ఒక మిఠాయి డబ్బా ఉండాదని అప్పుడు నాకేం తెలుసు. నేను కూడా చెయ్యి ఊపినట్టే గుర్తు.

మూడు దాటి ఐదు నిమిషాలకు ఆళ్లగడ్డలో దిగితి. ఓబులేసన్న నన్ను చూసి స్టూలు తుడిచి వేసినాడు.

"కూర్చో సార్. గంట చూసినా, ఎవరూ రాలే. మీరు చెప్పినట్లే నంద్యాలకు పంపిస్తి. ఇంకేం భయం లేదు, ఖాదర్ భాయ్ చేతికి పోతాది."

అప్పుడు ఎక్కింది నా తలకాయకు. వాడేమో వీని మీదికి తోస్తాడు, వీడేమో వాని మీదికి తోస్తాడు. ఇద్దరూ చెప్పిన పని తప్పకుండా చేస్తాండారు. డబ్బా మాత్రం ఇంటికి చేరదు. దీన్నే రౌటింగ్ లూప్ అంటారు. ప్రతి సంవత్సరం బోర్డు మీద రెండు డబ్బాలు గీసి, అటొక బాణం ఇటొక బాణం వేసి, "ఇట్లాంటి తప్పు తలకాయ ఉన్నోడు ఎవడూ చేయడు" అని పిల్లలకు చెప్తాండా.

చెల్లెలి ముఖం ఎట్ల చూసేదా అనుకుంటా ఇంటికి నడిస్తి. తాళం. ఎదురుగా ఎరువులంగట్లో శెట్టి గడప కాడ అడ్డంగా నిలబడుకోని ఒక రైతును ఆపుతాండాడు. "యూరియా నాలుగింటికి రాప్పా, లోపల ఇంటర్వ్యూ జరుగుతాంది." నన్ను చూసి మూతి మీద వేలు పెట్టినాడు. సుజాత నా మాట మీద నమ్మకం ఎప్పుడు వదులుకునిందో ఏమో, నేరుగా శెట్టి లోపలి గదిలో కంప్యూటర్ ముందర కూర్చోనుంది. నా ఫోన్ కలవక రెండు టీ అంగళ్లకూ ఫోన్ చేసి, డబ్బా ఎట్ల తిరుగుతాందో అంతా కనుక్కునిందంట. నేను గమ్మున ఒక మూట మీద కూలబడితి. ఎరువు వాసనకు తలనొప్పి, దానికంటే భయం ఎక్కువ.

మొదట్లో బాగానే చెప్పింది. తర్వాత కంప్యూటర్లోంచి ఒక మేడం గొంతు. "రౌటింగ్ అంటే ఏంటో ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పినట్టు చెప్పండి. పుస్తకంలో మాటలు వద్దు."

సుజాత పుస్తకం ముట్టి పదేండ్లాయె. నేనే లేసి పోయి చెప్పేద్దామా అనిపించింది. శెట్టి నా భుజం పట్టి కూర్చోబెట్టినాడు.

అప్పుడు సుజాత గొంతు సవరించుకునింది.

"మేడం, ఈ పొద్దు మా అన్న నంద్యాల నుంచి నాకొక డబ్బా పంపినాడు."

ఇంక మొదలుపెట్టింది చూడండి. డబ్బా ప్యాకెట్ అంట. నంబరు రాయకపోవడం సగం అడ్రసంట. ఖాదర్ భాయ్, ఓబులేసన్న రెండు రౌటర్లంట. గంటాగి ఎనక్కి పంపు, అడక్కుండా ముందుకు పంపు, ఈ రెండు ఆర్డర్లు, ఏది ఎటు పంపల్లో రాసిపెట్టుకునే రౌటింగ్ టేబుల్ అంట. ఏ రౌటరూ తప్పు చేయలేదు మేడం, తప్పంతా టేబుల్ రాసిన మనిషిదని విడమరిచి చెప్పింది. కంప్యూటర్లో ఇద్దరు ముగ్గురు నగుతాండేది నాకు వినబడుతాంది.

"మరి నిజం నెట్‌వర్క్‌లో ప్యాకెట్లు ఇలా తిరుగుతూనే ఉంటాయా?"

"లేదు మేడం. ప్రతి ప్యాకెట్‌కు ఆయుష్షు ఉంటాది, దాన్ని టీటీఎల్ అంటారు. మజిలీ మజిలీకి ఒకటి తగ్గుతాది. సున్నా అయితే ఆడికాడ పడేస్తారు. మా అన్న డబ్బాకు అది లేదు. ఇప్పుడు కూడా ఏదో ఒక బస్సులోనే ఉంటాది."

మేడం నగు ఆపుకోని అడిగింది. "మీ అన్నగారు ఏం చేస్తుంటారమ్మా?"

నేను మూట మీద నుంచి చెప్పొద్దని చేతులు జోడిస్తాండా, సుజాతకు కనబడితే కదా.

"నెట్‌వర్కింగ్ లెక్చరర్ మేడం."

ఆ నగు వీధి దాకా వినబడింది. శెట్టి కూడా నగినాడు. యూరియా కోసం వచ్చిన రైతు, ఏం అర్థమయిందో ఏమో, అతను కూడా నగినాడు.

సాయంకాలం ఐదింటి బస్సుకు డబ్బా ఐదో సారి బస్సెక్కి వచ్చింది. ఈ సారి నేనే బస్సెక్కి డ్రైవరు పక్కన నుంచి తీసుకుంటి, ఓబులేసన్న చెయ్యి పడనీకుండా. నిన్న సుజాతకు సెలెక్ట్ అయినట్లు మెసేజ్ వచ్చింది. ఫోన్‌లో ఏడుస్తా చెప్పింది, నాకూ కండ్లల్లో నీళ్లు తిరిగె. ఆ సంతోషంలో నోరు జారి, "చూస్తివా, మీ అన్న వల్లనే కదా" అంటి.

"అవున్నా. నువ్వు డబ్బా సరిగ్గా పంపింటే ఆ ప్రశ్నకాడ నేను నోరు తెరిచేదాన్నే కాదు," అనింది.

పద్దెనిమిదేండ్ల సర్వీసులో నేను చెప్పింది ఒకరికి పూర్తిగా అర్థమయింది ఇదే తొలిసారి.