డాష్‌బోర్డు మీద స్విచ్

తనకల్లులో పాత బండ్లకు వైరింగ్ చేసే పెద్దాయన నేను నమస్కారం పెడితే తిరిగి పెట్టేవాడు కాదు. "స్విచ్ ఏసినావా?" అని అడిగేవాడు. అదే ఆయన పలకరింపు.

దానికి కారణం నా పాత వ్యాను. ఒక ఎండాకాలం ఇంజన్ ఊరికే వేడెక్కుతాంటే, నీళ్లు చాల్లేదనుకుని బిందెలు బిందెలు పోస్తాంటి. "నీళ్లు నిండుగా ఉండాయప్పా. ఫ్యాను తిరగల్యా" అంటూ ఆయన రేడియేటర్ సెన్సర్ వైర్లు రెండూ ఊడబీకి ఒకదానికొకటి తాకించినాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. "మోటరు బాగుండాది. వేడెక్కితే ఫ్యాను తిప్పే సెన్సరే సచ్చింది."

కొత్తది తెచ్చేదాకా అని, ఇంట్లో లైటుకేసే స్విచ్చొకటి డాష్‌బోర్డుకు బిగించి, ఆ ఫ్యాను వైర్లు దానికి కలిపి, బండి తీసినప్పుడల్లా వేయమన్నాడు. నేను కొత్త సెన్సర్ తేనేలేదు. రెండేండ్లు ఆ స్విచ్‌తోనే నెట్టుకొచ్చినాను.

మొన్న ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆయనకే గుండెనొప్పి వచ్చింది. వెనక సీట్లో పడుకోబెట్టుకుని కదిరి ఆస్పత్రికి తోలినాను. సగం దావలో బానెట్ కిందనుంచి పొగలొచ్చి బండి ఆగిపోయింది. ఆ తొందరలో నేను స్విచ్ వేయనే లేదు.

"స్విచ్ ఏసినావా?" వెనకనుంచి పీలగా అడిగినాడు.

"ఏసినా మామా."

ఇప్పుడు వేస్తే ఫ్యాను చప్పుడుకు దొరికిపోతానని, అప్పుడు కూడా వేయలేదు.

"అట్లయితే ఫ్యూజు పోయింటాది. చూడప్పా" అన్నాడు ఆయాసపడుతూ. నేను చూస్తున్నట్టు నటించినాను.

ఇంకో బండి దొరికేసరికి ఆయన ప్రాణం పోయింది.

బండి రోగం కనిపెట్టడంలో ఆయన తప్పింది ఆ ఒక్కసారే. అదీ నా మాట నమ్మినందుకు.