రెండో గేరు పడేలోపు

మలేసియా కొండల్లో, కంపుంగ్ రాజా ఊరు దాటాక మలుపులో ఉన్న రేకుల షెడ్డు సిన్ ఛోయ్‌ది. కొండమీది తోటలవాళ్ళు క్యాబేజీ బుట్టలు మోయించి మోయించి, ఒళ్ళు హూనం చేసి వదిలేసిన పాత ల్యాండ్‌రోవర్లు అక్కడికి చేరతాయి. కౌలాలంపూర్ నుంచో సింగపూర్ నుంచో వచ్చే సరదారాయుళ్ళు వాటిని కొనుక్కుని, పెళ్ళికూతుర్ని చేసినట్టు చేయించుకుని తీసుకుపోతారు. బోల్టు బోల్టుగా విప్పి బిగించడం సిన్ ఛోయ్ పని. గుడ్డ టాపులూ సీట్లూ కుట్టడం అతని వదిన న్యుక్ మోయి పని. ఆమె భర్త ఖీ ఫా పోయినప్పటి నుంచి ఆ కుట్టు మిషన్ దగ్గరే ఆమెకు పగలు గడుస్తోంది.

ఆ ఉదయం ఆమె వచ్చేసరికి పొగమంచులో ఒక బండి నిలబడి ఉంది. ఒళ్ళంతా ఆకుపచ్చ, బోనెట్టు మాత్రం నీలం. ఇంటి తలుపులకు తెచ్చిన రంగు మిగిలిపోతే, పారబోయడం ఇష్టంలేక కుంచెతో దానికి పూసినవాడు ఖీ ఫానే. జబ్బు ముదిరాక అమ్మేసిన బండి. ఎవరెవరి చేతులో మారి మళ్ళీ ఈ కొండెక్కింది.

"చెబుదామనే అనుకున్నా వదినా," అన్నాడు సిన్ ఛోయ్, చేతులు తుడుచుకుంటూ. "నోరు రాలేదు."

"నీకు నోరు రాకపోవడం కూడానా!" అందామె. అని, బోనెట్టు మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

బండి కొన్న రిద్జువాన్ కౌలాలంపూర్‌లో కంటి డాక్టరు. మెత్తని మనిషి. చేతిలో కాఫీ చల్లారిపోతున్నా బండి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. "ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చిన రోజు ఎలా ఉందో అలా కావాలి. గేర్‌బాక్సు పూర్తిగా కొత్త పళ్ళతో. మొదట అదే విప్పండి," అన్నాడు.

ఆ మాట న్యుక్ మోయి చెవిన పడింది.

వాళ్ళ ఇల్లు షెడ్డుకు పైన, తోట పక్కనే. నీళ్ళ ట్యాంకు దగ్గర దారి ఒక్కసారిగా నిటారవుతుంది. అక్కడ ఏ బండయినా మూడో గేరులోంచి రెండులోకి దిగాల్సిందే. పాత బండ్లకు ఒక పట్టాన గేరు పడదు. క్లచ్చి తొక్కి వదలాలి, ఇంజను గొంతు పెంచాలి, మళ్ళీ తొక్కాలి, అప్పుడు వెయ్యాలి. అందరికీ అది రెప్పపాటు పని. ఖీ ఫా బండికి మాత్రం నడుమ ఒక ఖాళీ ఉండేది. ఇంజను ఒంటరిగా ఊ... అని మూలిగేది. ఆ తర్వాత టక్కుమని గేరు పడేది. ఆ మూలుగు వినగానే ఆమె బాండీలో నూనె పోసేది. ఆకుకూర చుయ్యిమనేసరికి అతను గుమ్మంలో బూట్లు విప్పుతుండేవాడు.

"ఏమిటా ఆలస్యం?" అని ఎప్పుడో అడిగితే, "గేర్‌బాక్సు ముసలిదైపోయిందే, నీలాగే," అని నవ్వేవాడు.

అతను పోయాక సాయంత్రాలు ఎన్నో బండ్లు ఆ మలుపెక్కాయి. ఒక్కటీ అలా మూలగలేదు.

ఇప్పుడు విప్పేస్తే ఇక ఎన్నటికీ వినపడదు. ఆమె డాక్టరు దగ్గరికి వెళ్ళింది. "విప్పేముందు ఒక్కసారి మా మరిదిని మా ఇంటిదాకా ఎక్కించమననా? వంటింట్లో నిలబడి వింటాను. అంతే."

"దానికి నన్నడగాలా ఆంటీ?" అన్నాడు రిద్జువాన్, కంగారుగా కాఫీ కప్పు కింద పెట్టేస్తూ.

ఆమె ముందుగా నడిచి ఇంటికి చేరింది. వంటింటి కిటికీ తెరిచి, పొయ్యికి ఎదురుగా నిలబడింది. కింద ఇంజను మేలుకుంది. ట్యాంకు దగ్గరికొచ్చింది. టక్. అంతే. రెండో గేరు వెన్నలోకి చాకులా దిగిపోయింది. బండి గునగునా వచ్చి వాకిట్లో ఆగింది.

ఆమె విసురుగా బయటికొచ్చింది. "అప్పుడే బాగుచేసేశావా ఏమయ్యా? విప్పకముందే అన్నానుగా!"

"చెయ్యి కూడా పెట్టలేదు వదినా. నీ మీద ఒట్టు."

"మరి ఆ ఆగడం ఏది? మీ అన్న వేసినప్పుడు ఆగేదే!"

సిన్ ఛోయ్ స్టీరింగు మీదే తల వంచుకున్నాడు. పక్కన కూర్చున్న డాక్టరు నెమ్మదిగా దిగి, క్యాబేజీ మళ్ళ వైపు వెళ్ళిపోయాడు.

"గేర్‌బాక్సుకేం రోగం లేదు వదినా. ఎప్పుడూ లేదు. నీళ్ళ పైపు మోస్తూ జారిపడ్డాడు చూడు, ఆ ఎడమ మోకాలు. నడకలో తెలియనిచ్చేవాడు కాదు. రెండోసారి క్లచ్చి తొక్కేటప్పుడు మాత్రం కాలు లేచేది కాదు. చేత్తో తొడ పట్టుకుని ఎత్తి పెట్టుకునేవాడు. ఆ చెయ్యి మళ్ళీ గేరు రాడ్డు మీదికి వచ్చేదాకా ఇంజను అలా అరుస్తుండేది."

"తగ్గిపోయిందన్నాడే!"

"నీకు చెబితే తాళంచెవి లాక్కుని మొలకి కట్టుకుంటావని. నాచేత ఒట్టు పెట్టించుకున్నాడు."

"అన్నదమ్ములిద్దరూ దొంగలే!" అందామె. గుమ్మం మీద కూలబడింది. ఎన్ని సాయంత్రాలు ఆ మూలుగు విని పొయ్యి వెలిగించింది! వస్తున్నాడన్న సంతోషంతో, ఆకుకూరలో వెల్లుల్లి కాస్త ఎక్కువే వేసేది.

కొంతసేపటికి కళ్ళు తుడుచుకుని లేచింది. "కిందికి తీసుకెళ్ళు. మళ్ళీ ఎక్కించు. ఈసారి మీ అన్నలాగా వెయ్యి."

"ఎందుకు వదినా, వద్దు."

"నువ్వు పక్కన కూర్చుని చూశావు. నేను చూడలేదు. వెయ్యి."

సిన్ ఛోయ్ బండిని వెనక్కి దించాడు. ఆమె మళ్ళీ పొయ్యి ముందుకు వెళ్ళింది. మొదటిసారి మరీ ఆలస్యమై బండి దగ్గి ఆగిపోయింది. రెండోసారి ఇంజను మలుపులో గొంతెత్తింది. ఒంటరిగా ఊ... అంది. తర్వాత టక్కుమంది. అచ్చం అదే. వెంట్రుకవాసి తేడా లేదు.

ఆమె చెయ్యి తెలియకుండానే నూనె సీసా మీదికి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. ఇదివరకు ఆ ఖాళీలో ఆమెకు ఇంటికొస్తున్న మగడు వినిపించేవాడు. ఇప్పుడు పళ్ళ బిగువున తొడ ఎత్తిపెట్టుకుంటున్న మనిషి వినిపించాడు. మునుపటిలా వినాలని కళ్ళు గట్టిగా మూసుకుంది. కుదరలేదు.

బండి వాకిట్లో ఆగగానే బయటికొచ్చింది. "చాలు. విప్పెయ్యండి."

మళ్ళ గట్టు మీంచి రిద్జువాన్ గబగబా వచ్చాడు. "ఆంటీ, మీరంటే గేర్‌బాక్సు ముట్టుకోం. అలాగే ఉంచేద్దాం."

"వద్దు బాబూ. దాని తప్పేం లేదు, కానీ విప్పి చూడండి. పళ్ళు బాగుంటే మాత్రం మార్చకండి. కాలు లేవకపోయినా బాగా కాచుకున్నాడు వాటిని."

"ఎక్కు వదినా, దింపుతాను," అన్నాడు సిన్ ఛోయ్.

ఆమె వినిపించుకోలేదు. తలగుడ్డ సరిచేసుకుని, వాలు దారిన దిగడం మొదలుపెట్టింది. కొత్త టాపుకు గుడ్డ కొలవాలి. వెనక సిన్ ఛోయ్ హారన్ కొట్టలేదు, దాటిపోనూ లేదు. మొదటి గేరులోనే ఉంచి, ఆమె అడుగు ఎంతో అంతే వేగంతో, షెడ్డుదాకా బండిని నడిపించాడు.