పెడన వెళ్తే వేడెక్కని సీటు

గుడివాడలో కారు సీటుకి వేడి పుట్టించే ఏర్పాటు ఉంటుందంటే జనం నవ్విపోయే రోజులవి. ఎండలో గంటసేపు నిలబెట్టిన ఏ కారైనా ఆ పని ఉచితంగానే చేసిపెట్టేది. నేనప్పుడే డిప్లొమా పూర్తిచేసి, కొత్త మల్టీమీటరు చేత పట్టుకుని, బస్టాండు వెనకాల కార్ల వైరింగు షాపులో చేరాను. మీటరు చూసుకుని నాకు కొంచెం పొగరుండేది (కొంచెం అన్నది నా మాట, షాపులో వాళ్లది వేరే మాట). మేస్త్రిని అందరిలాగే నేనూ మావయ్యా అనేవాణ్ణి.

ఓ వానాకాలం పెడన నుంచి కలంకారీ అద్దకం చేయించే ఆసామి ఒకాయన, ఢిల్లీలో సెకండ్ హ్యాండులో కొన్న పెద్ద కారేసుకుని వచ్చాడు. "ఎడమ సీటు వేడెక్కట్లేదయ్యా" అన్నాడు. "మనూళ్లో సీటు వేడి ఎందుకండీ బాబూ?" అని పళ్లికిలించాను. ఆయన మొహం తిప్పుకుని, "ఉన్నది పనిచెయ్యాలి గదా" అన్నాడు. ఫ్యూజు చూశాను, స్విచ్చు చూశాను, సీటు కింద వైర్లు చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. ఇంజను స్టార్టు చేయించి, సీట్లో కూర్చుని స్విచ్చు నొక్కితే ఐదు నిమిషాల్లో నా కింద అట్టు వేసుకోవచ్చు. "సెట్టయిపోయిందండీ" అని దర్జాగా పంపేశాను (నేను చేసిందల్లా స్విచ్చు తుడవడం). మర్నాడు కారు తిరిగొచ్చింది. ఇంటి దగ్గర వేడెక్కలేదట. మళ్లీ కూర్చున్నాను, మళ్లీ కాలింది, మళ్లీ పంపాను. మూడోసారి వచ్చేసరికి మావయ్యకి తిక్కరేగింది. "ఒరే అల్లుడూ, ఇంకోసారి ఈ కారు నా గుమ్మంలో కనపడిందంటే ఆ మీటరు పెట్లో పెట్టేసి, రేపట్నుంచి బ్యాటరీల్లో నీళ్లు పోసుకో" అన్నాడు. నాకు నిజంగానే భయమేసింది. ఆ పని చేయడానికి డిప్లొమా అక్కర్లేదు.

ఆసామిని పక్కకి తీసుకెళ్లాను. "ఇంటి దగ్గర ఆ సీట్లో ఎవరు కూర్చుంటారండీ?"

"ఎవరూ కూర్చోరు."

"మరి వేడి ఎవరికండీ?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "గుడ్డకయ్యా. ముసురు పట్టి, అద్దిన శాంపిళ్లు ఆరి చావట్లేదు. మొదటిసారి తడిగుడ్డ సీటు మీద పరిచి, మా ఆవిడని చెప్పకుండా దానిమీదే కూర్చోబెట్టి బందరు దాకా తీసుకెళ్లా. బ్రహ్మాండంగా ఆరిందనుకో. కాకపోతే ఆవిడ గంధం రంగు పట్టుచీర వెనకాల నాలుగు నెమళ్లు దిగాయి. అప్పట్నుంచి ఆవిడ కారెక్కట్లేదు, సీటు వేడెక్కట్లేదు."

నవ్వాపుకోవడానికి బోనెట్‌లో తల దూర్చాల్సి వచ్చింది. ఆ రకం కార్లో పక్క సీటు మీద మనిషి బరువు పడితేగాని వేడి మొదలవదు. ఇక్కడ నేనున్నాను, పెడనలో ఎవరూ లేరు. "చెక్క అచ్చులు ఓ బస్తాడు సీట్లో పెట్టి, గుడ్డ వీపు ఆనించే వైపు ఆరేయండి. బెల్టు కూడా పెట్టండి, లేకపోతే కారు గోల చేస్తుంది" అని చెవిలో చెప్పాను. మావయ్యతో మాత్రం, "లోపల చాలా సూక్ష్మమైన ఫాల్టు మావయ్యా" అన్నాను. మీటరు నా చేతిలోనే ఉండిపోయింది. వారం తర్వాత ఆ కారు మా షాపు ముందు నుంచి వెళ్తుంటే, పక్క సీట్లో బెల్టు పెట్టుకుని కలంకారీ కప్పుకున్న ఆకారాన్ని చూసి, మావయ్య లేచి నిలబడి, "నమస్కారం అమ్మా" అన్నాడు. నేను నిజం చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడు నాకే సొంత షాపు ఉంది. నడుమునొప్పి కూడా ఉంది. వేడి సీట్లున్న కారు వస్తే, కంప్లయింటు హారన్‌దైనా సరే, "సీటు కూడా ఓసారి చూడాలండీ" అని తలుపేసుకుని, స్విచ్చు నొక్కి వెనక్కి వాలతాను. మనూళ్లో వేడి ఎందుకండీ అని పళ్లికిలించిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. పాపం, వాడికేం తెలుసు! ఈలోగా ఓనరు అద్దం మీద కొట్టి, "అయిందా అండీ?" అంటాడు.

"ఇంకో పది నిమిషాలండీ," అంటాను కళ్లు తెరవకుండానే, "చిన్న డౌటుంది."