మక్క గారెల బండి దగ్గర నోటు బోణీ

ఈ మధ్య ఒక పెద్ద హోటల్లో రెండు ఇడ్లీలకు తొంభై రూపాయలు తీసుకుంటే ఒళ్లు మండింది. ఇడ్లీ తినడానికి అద్దాల గోడలెందుకని అక్కడే అడిగేసి బయటికొచ్చాను. వానలు వెనక్కి తగ్గి, పొద్దున్నే సన్నటి చలి మొదలయ్యే ఈ రోజుల అసలు రుచి రోడ్డు మీదే ఉంటుందని, రెండు వందల్లో తిని చూపిస్తానని మీర్‌పేట్‌లోని మా గది మిత్రులతో పందెం కాశాను. నెలాఖరు కాబట్టి నా దగ్గర ఉన్నదీ అంతే. అదీ ఫోన్‌లోనే.

ఆరున్నరకల్లా దిల్‌సుఖ్‌నగర్ చేరుకున్నాను. కోచింగ్ సెంటర్ల సందులో గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన పెసరట్లు పోస్తాడు. ఈ చలికి ఆయన అల్లం పచ్చడి ఘాటు సరిగ్గా కుదురుతుంది. ఉత్త అట్టు యాభై, ఉప్మాతో అయితే డెబ్భై. నేను లెక్కలో పడ్డాను. "త్వరగా చెప్పండి, అట్టు మాడుతోంది" అన్నాడాయన. ఉప్మాకే ఇరవయ్యా అని అడిగాను. "పోనీ, పక్కాయన ప్లేట్లో చూసి తృప్తిపడండి. దానికి డబ్బులు తీసుకోను" అన్నాడు. పక్కాయన ప్లేటు పక్కకు జరుపుకున్నాడు. ఉప్మా వేయించుకున్నాను, పశ్చాత్తాపం లేదు. మీరూ వేయించుకోండి.

అక్కడి నుంచి ఎల్బీ నగర్‌కు మెట్రో ఉంది కానీ షేర్ ఆటోలో ఇరవై రూపాయలతో పోతుంది. ఆటోలోనే వెళ్లాను. నల్లగొండ వైపు బస్సులు ఆగే చోటికి కాస్త వెనక సందులో యాదమ్మ బండి ఉంటుంది. పచ్చి మక్కలు, అంటే లేత మొక్కజొన్నలు, దొరికినన్నాళ్లే ఆమె మక్క గారెలు వేస్తుంది. రుబ్బిన మక్కల్లో పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర. పైన కరకర, లోపల మెత్తన. ఐదు గారెల ప్లేటు నలభై. ఆ పూట మొదటి ప్లేటు నాదే. తినేసి, బండికి కట్టిన స్కానర్ వైపు ఫోన్ ఎత్తాను.

"ఫోన్లెయ్యకు బిడ్డా. బోణీ చేతిలనే వెయ్యాలె" అంది యాదమ్మ.

నోట్లు లేవన్నాను. అక్కడితో ఆగితే సరిపోయేది. నేను చదివిన కార్మిక సంఘాల కరపత్రాలన్నీ ఒక్కసారిగా నోట్లోకి వచ్చాయి. ఫోన్‌లో పడినా అది మీ కష్టార్జితమే, బోణీ అన్నది మూఢనమ్మకం, శ్రమజీవులే ఇలాంటివి ముందు వదిలించుకోవాలి అని గట్టిగానే చెప్పాను. వెనక నలుగురు ప్లేట్ల కోసం నిలబడి ఉన్నారు. యాదమ్మ మంట తగ్గించింది. నా బోణీ కాకుండా ఇంకొకరికి ప్లేటు పెట్టదట. బస్సొచ్చిందని ఒకాయన వెళ్లిపోయాడు.

ఆమె నా వైపు వంగి మెల్లగా అంది: "మూఢమో గీఢమో పక్కకు వెట్టు. గా స్కానరు మా ఆయన ఫోనుది. అండ్ల పడ్డ పైసలు అండ్లనే ఉంటయి. ఇప్పుడు నోట్లెవరిస్తున్నరు? అందరు టింగుమనిపించి పోతరు. బోణీ పేరు చెప్పి రోజుకొక్క నోటన్న నా చేతిల వేయించుకుంట. బతుకమ్మకు తల్లిగారింటికి పోవాలె. బస్సు ఫ్రీనే గని, ఉత్త చేతులతోని పోతనా?"

నాకు మళ్లీ కోపం వచ్చింది. ఈసారి బోణీ మీద కాదు. పరుగెత్తి సందు చివర ఒక ఆటోడ్రైవర్‌ను యాదమ్మ బోణీకని నోటు అడిగాను.

"యాభై నోటుంది. ఫోన్ల అర్వై కొట్టు" అన్నాడు.

"అన్నా, ఇది పచ్చి వడ్డీ వ్యాపారం."

"అబ్బో, గరమైతున్నవేంది?" నవ్వాడు. "యాభయ్యే కొట్టు. ఆమె బోణీ గాకుంటే నాగ్గూడ గారెల్లేవు. నడువు, నేను గూడొస్తున్న."

యాదమ్మ ఆ నోటు కళ్లకద్దుకుని నడుముకున్న సంచిలో దోపింది. పది చిల్లర లేదని ఇంకో గారె పెట్టింది. మంట పెరిగింది, వరస కదిలింది. వెంటనే తర్వాతి ఆయన స్కానర్ వైపు ఫోన్ చాపాడు. నేను ఊరుకోలేకపోయాను. "నోట్లున్నవాళ్లు నోట్లే ఇవ్వండి, చిల్లరకు ఇబ్బందిగా ఉంది" అన్నాను.

"ఊకో బిడ్డా, గిరాకి వోతది" అంది యాదమ్మ.

గిరాకీ పోలేదు. ఆయన గొణుక్కుంటూ ఫోన్ జేబులో పెట్టి రెండు ఇరవైలు తీశాడు. ఆటో అన్న నలిగిన పదులు నాలుగు లెక్కపెట్టి ఇచ్చాడు. మూడో మనిషి దగ్గర నోట్లు లేవు, స్కానర్ టింగుమంది. యాదమ్మ అటు చూడలేదు, రెండు ఇరవైలను సాపు చేసి మడుస్తోంది.

పందెం నెగ్గాను, అరవై మిగిలాయి. శ్రమకు తగిన కూలి గురించి ఎన్నో కరపత్రాలు చదివాను. ఆ కూలి ఎవరి ఫోన్‌లో మోగుతుందో ఒక్కదాంట్లోనూ లేదు. ఆ కరపత్రం నేనే రాస్తాను, రెండు పేజీలు చాలు. మీరు ఈ దారిన వెళ్తే ఒక్క సలహా: పొద్దున ఎనిమిదిలోపే వెళ్లండి, పదులూ ఇరవైలూ జేబులో పెట్టుకోండి, డబ్బులు ఆ బండి నడిపే మనిషి చేతికే ఇవ్వండి.