తాతగారి మేడలో అమెరికా క్యాంపు

మా రోజుల్లో రేపల్లె నుంచి గల్ఫ్‌కి వెళ్ళాలంటే ముందు తెనాలి వెళ్ళాలి. ఇప్పటి పిల్లలు ఫోన్‌ని వేలితో రుద్ది ప్రపంచమంతా చూసేస్తున్నారు గానీ, మాకు ప్రపంచానికి గుమ్మం తెనాలి రైల్వే స్టేషనే. ఆ గుమ్మం దాటడానికి నేను పడ్డ అవస్థ తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం నవ్వలేదు. నలుగురిలో నవ్వే అలవాటు మా వంశంలో లేదు.

మా వంశం గురించి ముందే చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. అమెరికా వాళ్ళకి పరాయి దేశాల్లో సైనిక స్థావరాలున్నాయని టీవీలో మ్యాపులు వేసి, ఎర్ర చుక్కలు పెట్టి మరీ చూపిస్తుంటారు. నాకు అందులో పెద్ద వింతేమీ కనపడదు. మా తాతగారికి కూడా పరాయి ఊళ్ళలో స్థావరాలుండేవి. తెనాలిలో మేడ, బాపట్లలో తోట బంగళా, పెనుమూడిలో రేవు దగ్గర ధాన్యం కొట్టు. ప్రతిచోటా ఒక వంటవాడు, ఒక కాపలావాడు, ఎప్పుడూ పక్క పరిచి ఉంచిన మంచం. ఏ ఊళ్ళో ఉన్నా ఆయన రేపల్లె బియ్యమే తినేవారు, రేపల్లె నెయ్యే పోసుకునేవారు. అవి బండి మీద ఆయన వెనకాలే వచ్చేవి. ఆ ఊళ్ళవాళ్ళతో ఆయనకు తగవేమీ లేదు. మేమున్నామని వాళ్ళకి తెలిస్తే చాలు. (అమెరికా వాళ్ళ ఆలోచన కూడా ఇంచుమించు ఇదేనని నా అభిప్రాయం.) తర్వాత అన్ని సామ్రాజ్యాలకూ జరిగేదే మాకూ జరిగింది. ముందు పెనుమూడి పోయింది, తర్వాత బాపట్ల, ఆఖరికి తెనాలి. నా వరకూ వచ్చేసరికి మిగిలినవి ఇంటిపేరు, నిటారైన వెన్నుపూస.

ఆ వెన్నుపూసకు తగిన ఉద్యోగం రేపల్లెలో దొరకలేదు. కువైట్‌లో ఉన్న అమెరికా సైనిక క్యాంపులో భోజనం వడ్డించడానికి మనుషులు కావాలట, తెనాలిలో పరీక్ష పెడుతున్నారట అని మా బాబాయి కబురు తెచ్చాడు. నెగ్గినవాళ్ళు ఆ సాయంత్రమే వైద్య పరీక్షలకి హైదరాబాదు బస్సెక్కాలి, నెగ్గనివాళ్ళు ఇంటికి. కబురు తెచ్చినవాడు ఊరుకోకుండా, నేను అప్పుడే నెగ్గేసినట్టు "మావాడు మిలిటరీ స్థావరానికి వెళ్తున్నాడు" అని ఊరంతా చాటించాడు. దాంతో స్టేషన్‌కి పూలదండలొచ్చాయి. రిటైరైన డ్రిల్లు మాస్టారు నా భుజం తట్టి, "ఏ విభాగం బాబూ?" అన్నారు. "సరఫరా విభాగమండి" అన్నాను. (అబద్ధం కాదు. అన్నం సరఫరా.) "మళ్ళీ ఎప్పుడొస్తాడమ్మా?" అని ఎవరో అడిగితే, "కుదరకపోతే రాత్రి ఏడింటి బండికే..." అని మా అమ్మ మొదలుపెట్టింది. బాబాయి దగ్గి, "రెండేళ్ళండి, రెండేళ్ళు!" అన్నాడు. మెడలో అన్ని దండలతో రైలెక్కినవాడు ఏడింటి బండికి ఎలా దిగుతాడు? తెనాలి చేరేదాకా నాకదే ఆలోచన.

పరీక్ష జరిగే చోటు చూసి కాళ్ళు ఆగిపోయాయి. అది మా తాతగారి మేడ. ఎవరో కొని, గోడలకు గులాబీ రంగు వేసి, ఫంక్షన్ హాలు చేశారు. పరీక్ష పెట్టేది బాపట్లకు చెందిన ఒక పెద్దమనిషి. అమెరికా క్యాంపుల వంటశాలల్లో చాలాకాలం పనిచేసి వచ్చాడు గనక అందరూ ఆయన్ని క్యాంపు బాషా అనేవారు.

"భాయ్, ఇది మా తాతగారి మేడ" అన్నాను, గడప దాటుతూనే.

"అట్టాగా! మంచిదయింది. పైన ఫ్యాన్ తిరగట్లేదు, కాస్త చూడండి" అన్నాడాయన.

హాల్లో బల్లలు వరసగా వేసి, వాటి ముందు నేల మీద సుద్దముక్కతో గీత గీశాడు. "ఈ గీతకి ఇవతల తెనాలి, అవతల అమెరికా. అవతలికెళ్ళాక మన పద్ధతులు చెల్లవు. మనిషికి ఒక్క గరిటె. కబుర్లు లేవు. లైను ఆగకూడదు. నో అన్నాడంటే గరిటె వెనక్కి రావాలి" అని చెప్పాడు. వచ్చినవాళ్ళంతా వంతులవారీగా సైనికులై కంచాలు పట్టుకుని రావాలి. నెత్తికి వల, చేతులకి తొడుగులు ఇచ్చి, నన్ను పప్పు గిన్నె ముందు నిలబెట్టారు. అవతలివాడు నిలబడే కంచం పడతాడు, నేను నిలబడే వడ్డిస్తాను. వంగే పనే లేదు. వెన్ను వంచకుండా వడ్డించే ఏర్పాటు కనిపెట్టిన ఆ దేశం మీద నాకు అక్కడికక్కడే గౌరవం పుట్టింది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, సరిగ్గా ఆ హాల్లోనే మా తాతగారు విస్తళ్ళ వరస చివర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. ఎవరైనా చాలంటే, "మొహమాటపడుతున్నాడు, వెయ్యి!" అని వంటవాణ్ణి గదమాయించేవారు. ఆయన ఎదుట ఒక్కసారి చాలని బయటపడ్డవాడు లేడు. మొదటి సైనికుడిగా బాపట్ల లారీ డ్రైవరు ఒకతను వచ్చాడు. ఒక గరిటె వేశాను. "నో, నో" అన్నాడు. నా చెయ్యి నన్నడక్కుండానే ఇంకో గరిటె వేసింది.

"ఏంటి బాబూ, ఆయన నో అన్నాడుగా?" అన్నాడు క్యాంపు బాషా.

"మొహమాటానికి అన్నాడు భాయ్."

"అమెరికా వాళ్ళకి మొహమాటం ఉండదండి! వాళ్ళు ట్యాంకులు తెచ్చుకుంటారు, విమానాలు తెచ్చుకుంటారు, మొహమాటం మాత్రం ఇంటిదగ్గరే వదిలేసొస్తారు."

"నేను మొహమాటానికే అన్నానండి" అన్నాడు లారీ డ్రైవరు, పప్పు కలుపుకుంటూ.

"నువ్వు అమెరికావాడివిరా, నోర్మూసుకో!"

తర్వాత వచ్చినవాడికీ అదే జరిగింది. పైగా "పప్పు నచ్చలేదాండి? ఇంటిదగ్గర అంతా కులాసానా?" అని అడిగాను. లైను మెట్లదాకా ఆగిపోయింది. క్యాంపు బాషా నా దగ్గరకొచ్చి, మెల్లగా, "బాబూ, ఈసారి ఆ గరిటె రెండోసారి మునిగిందంటే మీరు ఏడింటి బండికే" అన్నాడు. డ్రిల్లు మాస్టారి మొహం కళ్ళ ముందు మెదిలింది. పళ్ళ బిగువున వడ్డించాను. ఒక్క గరిటె, తర్వాతి మనిషి. ఒక్క గరిటె, తర్వాతి మనిషి. మధ్యాహ్నం దాటింది.

అందరూ అయ్యాక క్యాంపు బాషానే కంచం పట్టుకుని వచ్చాడు. పొద్దుటి నుంచి నిలబడే ఉన్నాడేమో, మొహం వాడిపోయింది. ఒక గరిటె వేశాను. కదల్లేదు. "ఇంకొంచెం వెయ్యండి బాబూ. పొద్దున్నుంచి టీ తప్ప ఏం పడలేదు" అన్నాడు. పరీక్షిస్తున్నాడో, నిజంగా ఆకలేస్తోందో తెలియలేదు. మూల నుంచి తాతగారు "వెయ్యి!" అంటున్నారు. (నేను స్పష్టంగా విన్నాను.) గరిటె గిన్నె అంచుకి ఆనించి, మరింత నిటారుగా నిలబడి, "వన్ ఓన్లీ సార్. నెక్స్ట్" అన్నాను.

ఆయన కంచంకేసి చూశాడు, నాకేసి చూశాడు, పెద్దగా నవ్వాడు. "పాస్! వెళ్ళి బస్సెక్కండి."

"భాయ్, నిజంగానే ఆకలేసిందా?"

"మీకెందుకండీ? మీరిప్పుడు అమెరికాలో ఉన్నారు" అన్నాడు. ఆయన ఆ కాస్త పప్పుతోనే ముగించి చెయ్యి కడుక్కోవడం, వాకిట్లో ఆగి ఉన్న బస్సు కిటికీలోంచి చూశాను.

ఆ క్యాంపులో చాలా ఏళ్ళు చేశాను, బాగా చేశాను. చుట్టూ ఎడారి, గోడ లోపల వాళ్ళ ఊరు. రొట్టె వాళ్ళది, నీళ్ళ సీసాలు వాళ్ళవి, పండగలు వాళ్ళవి. అన్నీ వాళ్ళ వెనకాలే వచ్చాయి. ఆ పద్ధతి చూసి మిగతా పనివాళ్ళు ఆశ్చర్యపోయేవారు, నేను పోలేదు. మా ఇంట్లో చూసిందే కదా. కాకపోతే మీసం సరిగా రాని సైనికుడెవడైనా కంచంకేసి చూస్తూ నో అంటే, అది మొహమాటమేనని నా చేతికి తెలిసేది. గరిటె మాత్రం వెనక్కే వచ్చేది.

ఈ మధ్య క్యాంపు బాషా కూతురి పెళ్ళి విందు అదే హాల్లో జరిగింది. గులాబీ రంగు పోయి ఆకుపచ్చ వచ్చింది. అంతా అయిపోవచ్చినా పెద్దాయన ఇంకా అతిథుల మధ్య తిరుగుతూనే ఉన్నాడు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టి, కంచం చేతిలో పెట్టి, వడ్డించేవాడి దగ్గర గరిటె లాక్కున్నాను.

"చాలు బాబూ" అన్నాడు. వేశాను.

"చాలన్నాగా! ఒక్క గరిటేనండి, మర్చిపోయారా? గీతకి ఎటుపక్కనున్నారు?"

"తెనాలి పక్క. మొహమాటపడకండి భాయ్, ఇది మా తాతగారి మేడ" అని మళ్ళీ వేశాను.

ఆయన కూర్చున్నాడు గనక వంగే వడ్డించాల్సి వచ్చింది. లేవబోతే వెన్ను వెంటనే నిటారు కాలేదు. కాసేపు గరిటె పట్టుకుని అలాగే వంగి ఉండిపోయాను. దూరం నుంచి చూసినవాళ్ళు నమస్కారం పెడుతున్నాననుకుని ఉంటారు. అనుకోనీ.